అత్తగారి కోసం ఒక్క పూట సెలవు

ఆ ఉదయం లిఫ్ట్ మెకానిక్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఒక్క పూట సెలవు పెట్టడం, బస్సు డిపో వెనకున్న శ్మశానానికి అత్తగారిని తీసుకెళ్లడం, అక్కడున్న నవలా రచయిత సమాధి చూపించి భోజనం వేళకి ఇంటికి తీసుకురావడం. ఆ తర్వాత యథాప్రకారం డ్యూటీ.

అత్తగారు రిటైరైన టెలిఫోన్ ఆపరేటరు. ఉద్యోగం చేసినన్నాళ్లూ చెవిలో ఊరందరి మాటలూ, ఒళ్లో ఒక నవలా పెట్టుకుని గడిపిన మనిషి. చూపు మందగించి అక్షరాలు అలుక్కుపోవడం మొదలయ్యాక, రాత్రిపూట భోజనాలయిన తర్వాత అల్లుడే చదివి వినిపిస్తున్నాడు. అతను చదివితే లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగినట్టుండేది. కామా కనిపిస్తే చాలు, తలుపులు తెరుచుకుని, మూసుకుని, మళ్లీ కదిలేది. అయినా ఆవిడ ఒక్కనాడూ విసుక్కోలేదు. "మెల్లగానే కానీ నాయనా, కొంపలేం మునిగిపోవడం లేదుగా" అనేవారు.

చిక్కల్లా ఆదివారం పేపరుతో వచ్చింది. ఈ ఊళ్లోనే ముగ్గురు పేరున్న రచయితల సమాధులున్నాయనీ, అవి ఫలానా ఫలానా చోట్లనీ అందులో ఒక వ్యాసం పడింది. అల్లుడు దాన్ని కూడా చదివి వినిపించాడు. మొదటి పేరు చెవిన పడగానే పడుకున్న అత్తగారు లేచి కూర్చున్నారు.

"డిపో వెనకా? అంటే మనం కూరలు కొనుక్కునే చోటికి అవతలా?"

"అవునత్తయ్యా. రెండు స్టాపులు."

"ఇన్నేళ్లూ ఆయన పక్కవీధిలో ఉంటే నేను ఒక్కసారైనా పలకరించలేదన్న మాట!" అని ఆవిడ నొచ్చుకున్నారు, దగ్గరి చుట్టం ఊళ్లోనే ఉన్నాడని ఆలస్యంగా తెలిసినట్టు.

మెకానిక్ భార్య ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియను. ఆవిడకి ఆ వారం ఉదయం షిఫ్టు. "మీరే తీసుకెళ్లండి. ఎండలో ఎక్కువసేపు నిలబెట్టకండి. ఆవిడ అక్కడ కూర్చుని కబుర్లు మొదలుపెట్టినా ఆశ్చర్యం లేదు" అని చెప్పి డ్యూటీకి వెళ్లిపోయింది.

మెకానిక్ మేడ మెట్ల దగ్గర నిలబడి సూపర్‌వైజరుకి ఫోను చేశాడు. కింద నీళ్ల మోటారు హోరుమంటోంది.

"సార్, మా అత్తగారిని డిపో వెనక శ్మశానానికి తీసుకెళ్లాలి. ఈ పూటకి సెలవు కావాలి సార్."

సూపర్‌వైజరు మంచివాడు. కాకపోతే ఇతరుల కష్టాల్లో కొంచెం ఉత్సాహంగా పాలుపంచుకునే రకం.

"ఎప్పుడు?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఇప్పుడే సార్. ఎండెక్కితే కష్టం కదా."

"నిజమే, నిజమే. అసలు... ఎలా జరిగింది?"

"ఆవిడకి ఆదివారం నుంచీ ఒకటే కోరిక సార్. ఇవాళ్టికి కుదిరింది."

సూపర్‌వైజరు నిట్టూర్చాడు. బాధపడీ బాధపడీ పోయిందన్న మాట, పాపం. "మీ ఆవిడ ఎలా ఉంది?"

"తను డ్యూటీకి వెళ్లిపోయింది సార్. మేమిద్దరమే వెళ్తున్నాం."

"ఇద్దరే!"

"ఎవరూ అక్కర్లేదన్నారు సార్ ఆవిడ. స్కూటరు మీద తీసుకెళ్దామనుకున్నా గానీ, కుదరదని ఆటో మాట్లాడాను."

"ఆటోలోనా!" సూపర్‌వైజరు కుర్చీలోంచి లేచిపోయాడు. "చూడు, నువ్వేం కంగారుపడకు. నీకెవరూ లేరనుకోకు. మేమందరం లేమా?"

ఒక్క పూట సెలవుకి ఇంత ఆప్యాయత ఏమిటా అని మెకానిక్ ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాత, మనుషులు మంచివాళ్లే, మనమే తెలుసుకోం అనుకుంటూ ఫోను జేబులో పెట్టుకుని అత్తగారి చెప్పులు వెతకడానికి వెళ్లాడు.

ఇటు ఆఫీసులో సూపర్‌వైజరు క్షణాల మీద పనులు పురమాయించాడు. పెద్ద పూలదండకి మనిషిని పంపాడు. సామాను వ్యానులోని పనిముట్లు దింపించి శుభ్రం చేయించాడు. దగ్గరి బంధువు పోతే సంస్థ ఇచ్చే మూడు రోజుల సెలవు కోసం హెడ్డాఫీసుకి రాసి, వెంటపడి, అప్పటికప్పుడు మంజూరు చేయించాడు. సొరుగులోంచి సంతాప ప్రసంగం తీసి, పేరు రాయాల్సిన ఖాళీలో 'అత్తగారు' అని రాశాడు. చివరికి, ఆ ఉదయం ఒక అపార్టుమెంటులో లిఫ్టు చూడాల్సింది మన మెకానిక్కేనని గుర్తొచ్చి, అక్కడికి ఇంకొకణ్ణి పంపాడు.

సరిగ్గా ఆ అపార్టుమెంటులోనే అత్తగారి చెల్లెలు ఉంటోంది.

అక్కచెల్లెళ్లిద్దరికీ చాలా ఏళ్లుగా మాటల్లేవు. అలాగని ఒకరి సంగతి ఒకరికి తెలియదనడానికీ లేదు. నెలకోసారి మెకానిక్ ఆ లిఫ్టు చూసి ఇంటికొస్తే, అత్తగారు గోడకేసి చూస్తూ "ఆ బిల్డింగులో లిఫ్టు బాగానే పనిచేస్తోందా?" అని అడిగేవారు. "బాగుందత్తయ్యా. మోకాలు నొప్పి కాస్త తగ్గిందట" అని అతను చెప్పేవాడు. అక్కడ చెల్లెలు కూడా అతనికి మంచినీళ్లిస్తూ "మీ ఇంట్లో కళ్లజోళ్లేమైనా మార్చారా?" అని అడిగేది. ఈ రాకపోకల కోసమే మెకానిక్ ఆ లిఫ్టుకి అవసరం లేకపోయినా ప్రతి నెలా నూనె వేసేవాడు.

ఆ ఉదయం కొత్త మనిషిని చూసి ఆవిడ "ఎప్పుడూ వచ్చే అబ్బాయి రాలేదేం?" అని అడిగింది.

"వాళ్లత్తగారు పోయారండీ. డిపో వెనక శ్మశానానికి తీసుకెళ్తున్నాడు" అన్నాడతను స్క్రూడ్రైవరు తిప్పుతూ.

చెల్లెలి చేతిలో మంచినీళ్ల గ్లాసు కిందపడింది. ఆవిడ లోపలికి పరుగెత్తి భర్తని లేపింది. ఆయన స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. బూట్ల తాళ్లు కట్టుకోందే గడప దాటడు. ఆయన తాళ్లు కట్టుకునే లోపల ఆవిడ అక్క కూతురికి ఫోను చేసింది.

ల్యాబులో మెకానిక్ భార్య ఫోనెత్తింది. "పిన్నీ?"

"అయిపోయిందే తల్లీ... అంతా అయిపోయింది... డిపో వెనక శ్మశానానికి బయల్దేరాం..."

ఆ పైన ఏడుపు తప్ప ఇంకేమీ వినిపించలేదు. పోయింది బాబాయే అనుకుంది మెకానిక్ భార్య. కిందటి నెలే బాబాయికి రక్తపరీక్ష చేసి, కొవ్వు ఎక్కువుంది జాగ్రత్త అని తనే చెప్పింది.

"పిన్నీ, నువ్వు ధైర్యంగా ఉండు. అమ్మకి నేను చెప్తాను. నీ దగ్గరికి అమ్మ వస్తుంది."

ఆ మాటకి ఏడుపు రెట్టింపయింది. పిన్ని ఫోను పెట్టేసి మాస్టారితో అంది: "పిల్లకి మతి చలించిందండీ. వాళ్లమ్మ నా దగ్గరికి వస్తుందట!"

"పద, పద" అన్నాడు మాస్టారు రెండో బూటు వెతుక్కుంటూ.

ఆ సమయానికి శ్మశానంలో అత్తగారు కావాల్సిన సమాధి ముందు నిలబడి ఉన్నారు. పిచ్చిమొక్కల మధ్య చిన్న రాయి. దాని మీద ఒక పేరు, రెండు సంవత్సరాలు, మధ్యలో ఒక గీత. అంతే. ఆవిడ వంగి, చేతిరుమాలుతో పేరు తుడిచి, వేళ్లతో అక్షరాలు తడిమి చూసుకున్నారు.

"అన్నన్ని నవలలు రాసిన మనిషికి మధ్యలో ఈ ఒక్క గీతేనా నాయనా?" అన్నారు. తర్వాత రాయికి నమస్కారం పెట్టి, "నేను మీ పాఠకురాలినండీ. ఎక్స్ఛేంజిలో పనిచేసేదాన్ని. మీ నవల ఒళ్లో ఉన్నన్నాళ్లూ ఊళ్లో సగం కాల్సు కలపలేదు. ఏమనుకోకండి" అని కబుర్లు మొదలుపెట్టారు.

మెకానిక్‌కి ముచ్చటేసింది. అప్పుడే ల్యాబు నుంచి భార్య ఫోను చేసింది. పక్కకి వెళ్లి మాట్లాడి వచ్చేసరికి అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అత్తయ్యా, మీరిలా కూర్చోండి. చిన్నమామయ్యగారు... పోయారట. ఇక్కడికే తీసుకొస్తున్నారట."

అత్తగారు సమాధి గట్టు మీద కూలబడ్డారు.

"చిట్టి ఒక్కతీ ఏమైపోతుంది?" అన్నారు చెల్లెల్ని తలుచుకుని. "దానికి చీకటంటే భయం. నేను పెద్దదాన్ని, ఆ రోజు నేనొక్క మాట తగ్గి ఉంటే ఏం పోయేది? పద నాయనా. అది వచ్చేసరికి నేను గేటు దగ్గరుండాలి."

వాళ్లు గేటు దగ్గరికి చేరేసరికి ఆటో ఆగింది. అందులోంచి చెల్లెలు దిగింది. జుట్టు రేగిపోయి ఉంది. ఒక కాలికి ఒక చెప్పు, ఇంకో కాలికి ఇంకో చెప్పు. తలెత్తి ఎదురుగా చూసి కొయ్యబారిపోయింది. అత్తగారు పరుగులాంటి నడకతో వెళ్లి ఆవిణ్ణి గుండెకి హత్తుకున్నారు.

"ఎంత పని జరిగిందే చిట్టీ!"

చెల్లెలి నోరు తెరిచినది తెరిచినట్టే ఉంది.

"ఏడువమ్మా, కడుపులో పెట్టుకోకు. నీకేం భయం లేదు. నేనున్నాను."

"నువ్వు... ఉన్నావా అక్కా?"

"ఉన్నానే. ఉండక ఎక్కడికి పోతాను?"

"నిజంగా ఉన్నావా?"

"అదేం మాటే! ఇన్నాళ్లూ పలకనంత మాత్రాన నీకు లేకుండా పోతానా?"

చెల్లెలు అక్క చేతిని గట్టిగా గిల్లింది. "అబ్బా!" అన్నారు అత్తగారు. అంతే, చెల్లెలు ఒక్కసారిగా బావురుమని ఆవిడ భుజం మీద వాలిపోయింది. ఆ దుఃఖానికి అత్తగారికీ ఆగలేదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఊగిపోతూ ఏడుస్తుంటే మెకానిక్ కూడా కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక చూపు తేటపడింది. ఆటో వెనక నిలబడి చిల్లర కోసం గొడవపడుతున్న మనిషి అప్పుడు కనిపించాడు.

"అత్తయ్యా," అన్నాడు అటే చూస్తూ, "చిన్నమామయ్యగారు..."

"మహానుభావుడు నాయనా. కోపమన్నది ఎరగడు."

"కాదత్తయ్యా. వస్తున్నారు."

"ఎక్కడికి?"

"ఇటే."

మాస్టారు చిల్లర లెక్కచూసుకుంటూ దగ్గరికొచ్చాడు. "నమస్కారం వదినగారూ, బాగున్నారా?" అని అలవాటు కొద్దీ అనేసి, వెంటనే నాలిక్కరుచుకున్నాడు. ఆ తర్వాత ఆవిణ్ణి ఎగాదిగా చూసి, నమస్కారం కోసం ఎత్తిన చేతులు దించడం మర్చిపోయాడు.

"మీరు పోలేదూ?" అన్నారు అత్తగారు.

"నేనెందుకు పోతాను? పోయింది మీరు కదా!" అన్నాడు మాస్టారు.

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ముగ్గురి చూపులూ వచ్చి మెకానిక్ మీద ఆగాయి. అతను నోరు తెరిచేలోగా వ్యాను వచ్చింది. సూపర్‌వైజరూ, ఆయన వెనక దండ మోస్తూ ఇద్దరు మెకానిక్కులూ, తలలు వంచుకుని దిగారు. ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో ఉన్న పెద్దావిణ్ణి చూసి సూపర్‌వైజరు నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్లి చేతులు జోడించాడు.

"అమ్మా, పోయినావిడకి మీరేమవుతారు?"

"పోయినావిడ ఎవరు బాబూ?"

"మా మెకానిక్ అత్తగారమ్మా."

"అది నేనే" అన్నారు అత్తగారు.

దండ మోస్తున్న ఇద్దరిలో ఒకడు తన కొస వదిలేశాడు. సూపర్‌వైజరు మెకానిక్ వైపు తిరిగాడు. "నువ్వే కదయ్యా, అత్తగార్ని శ్మశానానికి తీసుకెళ్తున్నానన్నావ్!"

"తీసుకొచ్చానుగా సార్" అన్నాడు మెకానిక్ దీనంగా.

సంగతంతా విడమరిచి చెప్పుకునేసరికి మాస్టారు నవ్వలేక గేటు పట్టుకుని నిలబడ్డాడు. సూపర్‌వైజరు మాత్రం నవ్వలేదు. ఇంత కష్టపడి చేసిన ఏర్పాట్లన్నీ వృథా అయ్యాయన్న దిగులు ఆయన ముఖంలో స్పష్టంగా కనిపించింది. జేబులోంచి సగం బయటికొచ్చిన కాగితాన్ని లోపలికి తోసుకోబోతుంటే అత్తగారు చూశారు.

"అదేమిటి బాబూ?"

"మీ గురించేనమ్మా. చదువుదామని..."

"రాసుకొచ్చారుగా, చదవండి. నా కోసం రాసింది నేను వినకపోతే ఎలా?"

సూపర్‌వైజరు గొంతు సవరించుకుని చదివాడు. "అత్తగారి మరణం ఆ కుటుంబానికే కాదు, మన సంస్థకే తీరని లోటు."

"మీ సంస్థకి నేనేం చేశాను?"

"అందరికీ అదే చదువుతామమ్మా."

"సరే, కానివ్వండి."

ఆవిడ కళ్లు మూసుకుని, రాత్రిపూట నవల విన్నట్టే, ఆఖరి దాకా విన్నారు. "బాగా చదువుతారు. కామాల దగ్గర ఎక్కువ ఆగరు" అని మెచ్చుకున్నారు. సూపర్‌వైజరు ముఖం వెలిగింది.

అంతలో ఇంకో ఆటోలోంచి మెకానిక్ భార్య తెల్లకోటుతోనే దిగి పరుగెత్తుకొచ్చింది. బాబాయిని చూసి కావలించుకుని ఏడ్చింది. అసలు పోయారనుకున్నది అమ్మేనని తెలిసి అమ్మని కావలించుకుని మళ్లీ ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది.

"ఇంతకీ ఎవరూ పోలేదా?"

"ఆయనొక్కరే" అన్నాడు మెకానిక్, పిచ్చిమొక్కల్లో ఉన్న రాయిని చూపిస్తూ.

అందరూ ఆ రాయి దగ్గరికి నడిచారు. తెచ్చిన దండ వెనక్కి తీసుకెళ్లడం బాగుండదని సూపర్‌వైజరు దాన్ని సమాధి మీద వేయించబోయాడు. అత్తగారు అడ్డం పడ్డారు.

"ఆయనకి నేను వేరే పూలు తెచ్చాను. అది నాకని తెచ్చారుగా? ఇలా ఇవ్వండి."

మోయడానికి ఇద్దరు కావలసిన ఆ దండని మాస్టారు ఒక్కడే భుజాన వేసుకున్నాడు.

అత్తగారు తను తెచ్చిన పూలు రాయి ముందు పెట్టి, సంచిలోంచి నవల తీశారు. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. దాన్ని చూసి చెల్లెలు తల దించుకుంది. ఇద్దరి మధ్యా మాటలు పోయింది ఆ పుస్తకం గురించే. అక్క ఆఖరి అధ్యాయం కోసం ఉవ్విళ్లూరుతూ చదువుకుంటుంటే, చెల్లెలు వచ్చి "చివర్లో నాయిక జ్వరంతో చచ్చిపోతుందిలే" అని చెప్పేసింది. ఒక మాట రెండయింది, రెండు నాలుగయ్యాయి. నవలకి సంబంధం లేని పాత సంగతులన్నీ బయటికొచ్చాయి. ఆ రోజు నుంచి అక్క ఆ అధ్యాయం జోలికి పోలేదు. అల్లుడు చదివేటప్పుడు కూడా దాని ముందే "ఇక్కడికి చాలు" అని ఆపించేసేవారు.

"ఆవిణ్ణి నువ్వు చంపావు. ఇవాళ నన్ను వీళ్లు చంపారు" అన్నారు అత్తగారు, కోపం లేకుండానే.

చెల్లెలు కొంగు కొసతో వేలు చుట్టుకుంటూ గొణిగింది. "అక్కా, అప్పటికి నేనూ చదవలేదే."

"ఏమిటి?"

"నీకంటే ముందే చదివేశానని గొప్పకి చెప్పాను. అంత జ్వరమొచ్చింది కదా, పోతుందిలే అనుకున్నాను. ఆ తర్వాత నువ్వు మాట్లాడ్డం మానేశావ్. ఇంక ఆ పుస్తకం ముట్టుకోబుద్ధి కాలేదు."

అత్తగారు ఆవిణ్ణి కొంతసేపు అలాగే చూశారు. తర్వాత పుస్తకం అల్లుడి చేతికిచ్చారు. "చదువు నాయనా. మెల్లగానే."

మెకానిక్ చదివాడు. కామా కామాకీ ఆగుతూ, కదులుతూ చదివాడు. సూపర్‌వైజరూ, మెకానిక్కులూ, తెల్లకోటూ, భుజాన దండతో మాస్టారూ, అందరూ కదలకుండా విన్నారు. నవలలో నాయికకి తెల్లవారుతుండగా జ్వరం తగ్గుతుంది. లేచి కిటికీ తెరుస్తుంది. పక్క మడత పెడుతుంది. కిందికి వెళ్లి ఇంటి యజమానిని తలుపు కొట్టి లేపి, కారుతున్న కుళాయి ఇవాళైనా బాగుచేయిస్తారా లేదా అని గట్టిగా అడుగుతుంది. నవల అక్కడితో అయిపోయింది.

"బతికిందే చిట్టీ!" అన్నారు అత్తగారు.

"బతికిందక్కా" అంది చెల్లెలు, కళ్ల నిండా నీళ్లతో.

"ఇన్నేళ్లూ దాన్ని అన్యాయంగా చంపుకున్నాం కదే!"

"నువ్వు ఒక్కసారి తిరగేసి చూసుకోవచ్చుగా?"

"నువ్వు నిజం చెప్పి ఉండొచ్చుగా?"

అలా ఇద్దరూ మళ్లీ పోట్లాట మొదలుపెట్టారు. పట్టుకున్న చేతులు మాత్రం వదల్లేదు.

వెళ్లేముందు సూపర్‌వైజరు మెకానిక్‌ని పక్కకి పిలిచాడు. "నీ మూడు రోజుల సెలవు మంజూరైపోయింది. వాడుకో."

"వద్దు సార్. మధ్యాహ్నం డ్యూటీకి వచ్చేస్తాను."

"ఎలా వస్తావయ్యా? సెలవు రద్దు చెయ్యాలంటే హెడ్డాఫీసుకి కారణం రాయాలి. పోయినావిడ తిరిగొచ్చారని నేను రాయలేను."

ఈ మాటలు టెలిఫోన్ ఆపరేటరు చెవిని దాటిపోలేదు. పేపర్లో ఇంకో రెండు సమాధులున్నాయనీ, చెల్లెలు మూడు రోజులూ తమ ఇంట్లోనే ఉంటుందనీ ఆవిడ అక్కడే ప్రకటించారు.

ఆ మూడు రోజులూ మెకానిక్ ఇద్దరత్తగార్లనీ, రెండు సంచుల పుస్తకాలనీ, ఒక గొడుగునీ వెంటేసుకుని ఎండలో తిరిగాడు. ప్రతి సమాధి ముందూ నిలబడి ఆఖరి అధ్యాయాలు గట్టిగా చదివాడు. మరుసటి రోజు సమాధి కోసం రాత్రిళ్లు మొదటి అధ్యాయాలూ చదివాడు. మధ్యలో ఎవరు బతకాలో, ఎవరు పోవాలో అక్కచెల్లెళ్లకి పేచీ వస్తే అదే పేజీ మళ్లీ చదివాడు.

నాలుగో రోజు అతను డ్యూటీకి వెళ్లేసరికి హెడ్డాఫీసు నుంచి పెద్దాఫీసరు తనిఖీకి వచ్చి ఉన్నాడు. పీక్కుపోయిన ముఖం, ఎర్రబడ్డ కళ్లు, పలకరిస్తే పెదవులు కదలడమే తప్ప బయటికి రాని మాట, ఇవన్నీ చూసి పెద్దాఫీసరు చలించిపోయాడు. అత్తగారి కోసం ఇంతగా కుమిలిపోయిన అల్లుణ్ణి తన సర్వీసులో చూడలేదని అందరి ముందూ చెప్పి, అతని వీపు నిమిరి, ఇంకో నాలుగు రోజులు సెలవు ఇచ్చేశాడు.

వద్దని చెప్పడానికి మెకానిక్‌కి గొంతు లేదు.